పాత బండిలో మిగిలిన యూనిట్లు

“బావా, ముప్పై తీసుకోనా, నలభై తీసుకోనా?”

ఫోనెత్తగానే మా బావమరిది అడిగిన మాట ఇది. ఉంటున్నది ఉప్పల్‌లో, ఉద్యోగం గచ్చిబౌలిలో. రానూ పోనూ కలిపి రోజుకు 60 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు భార్యాపిల్లలతో సూర్యాపేట వెళ్లి అమ్మానాన్నలను చూసి వస్తాడు. అది ఒక వైపే దాదాపు 135 కిలోమీటర్లు. ఇంటికంతటికీ ఒకటే కారు. కొత్తది కొనే స్తోమత లేక సెకండ్ హ్యాండ్‌లో టాటా నెక్సాన్ ఈవీ చూస్తున్నాడు. బేరానికి రెండు బండ్లు వచ్చాయి. ఒకటి 2020 నాటిది, బ్యాటరీ 30.2. రెండోది 2022లో వచ్చిన నెక్సాన్ ఈవీ మ్యాక్స్, బ్యాటరీ 40.5. రెండో దానికి లక్షల్లో ఎక్కువ అడుగుతున్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. 30.2, 40.5 అనేవి ఆ బండ్లు పుట్టిననాటి లెక్కలు. అతను కొనబోయేది ఈనాటి బండిని. ఈ అధ్యాయమంతా ఆ రెండు లెక్కల మధ్య తేడా గురించే.

ముందు ఆ అంకెల సంగతి. బ్రోచర్లలో కిలోవాట్ అవర్ అని రాస్తారు. కొత్త పదమేమీ కాదు, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్ అదే. 2 కిలోవాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. నెలకు 200 యూనిట్లు వాడే ఇంట్లో 40 యూనిట్ల బ్యాటరీ అంటే ఆరు రోజుల కరెంటు. ఇంకోవైపు నుంచి చూద్దాం. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 30 యూనిట్ల బ్యాటరీ మొత్తం కలిపినా మూడున్నర లీటర్ల పెట్రోలుకు మించదు! అయినా ఆ కొద్దిపాటి శక్తితో బండి రెండు వందల కిలోమీటర్ల దాకా నడుస్తోందంటే, పెట్రోలు ఇంజను తనకు పోసిన దాంట్లో అధిక భాగం వేడిగా వదిలేస్తుంటే, మోటారు తనకు అందిన దాంట్లో చాలావరకు చక్రాలకు చేరుస్తోంది కాబట్టే. శక్తి ఇంత పొదుపుగా ఉన్నచోట ప్రతి యూనిట్‌నూ లెక్కపెట్టుకోవాల్సిందే.

కుటుంబానికని కొనే ఎస్‌యూవీకి ఒక చిక్కుంది. ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ముందున్న గాలిని ఎక్కువగా నెట్టాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతే, గాలి ఎదురుతోపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకే పెట్రోలు కారుకు ఊళ్లో మైలేజీ తగ్గి హైవే మీద పెరిగితే, ఎలక్ట్రిక్ కారుకు సరిగ్గా తిరగబడుతుంది. ఈ తరహా బండి ఊళ్లో యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తే, ఏసీ వేసుకుని 100 వేగంతో పోతే 6 ఇస్తుందని పెట్టుకుందాం. పుణెలోని వాహన పరిశోధనా సంస్థ ఏఆర్ఏఐ పరీక్షలో 2020 బండికి వచ్చిన రేంజి 312 కిలోమీటర్లు. అది ల్యాబులో రోలర్ల మీద, నిర్ణీత పద్ధతిలో నడిపి తేల్చిన అంకె. రెండు మోడళ్లను పోల్చడానికి పనికొస్తుంది. సూర్యాపేట ప్రయాణానికి మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు అసలు విషయం. బ్యాటరీ ఎందుకు ముసలిదవుతుంది?

లిథియం బ్యాటరీలో లిథియం అయాన్లు రెండు ఇళ్ల మధ్య తిరుగుతుంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు గ్రాఫైట్‌లోకి వచ్చి చేరతాయి, బండి నడుస్తున్నప్పుడు తిరిగి అవతలి ఇంటికి వెళ్తాయి. ఎన్ని అయాన్లు రాకపోకలు సాగించగలిగితే బ్యాటరీకి అంత సామర్థ్యం. గ్రాఫైట్‌కూ బ్యాటరీలో ఉండే ద్రవానికీ మధ్య సన్నని పొర ఒకటి పేరుకుంటుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కట్టడం చూసే ఉంటారు, అలాంటిదే. ఆ పొర ఏర్పడటానికి కొంత లిథియం ఖర్చవుతుంది. పొరలో చిక్కుకున్న లిథియం ఇక తిరిగి రాదు. బండి వాడినా వాడకపోయినా ఈ గార కడుతూనే ఉంటుంది.

పాత బండి కొనేవాళ్లకు మేలు చేసే సంగతి కూడా ఇందులోనే ఉంది. పొర మందమయ్యేకొద్దీ దాన్ని దాటుకుని కొత్త పొర ఏర్పడటం కష్టమవుతుంది. అందువల్ల నష్టం కాలానికి అనులోమంగా కాకుండా సుమారుగా కాలం వర్గమూలంతో పెరుగుతుంది. మొదటి ఏడాది 3 శాతం పోతే, నాలుగేళ్లకు 12 కాదు, 6 శాతం. తొమ్మిదేళ్లకు 9. ఇది ఆరంభ దశకు వర్తించే లెక్క. బాగా ముదిరిన బ్యాటరీల్లో వేరే కారణాలు చేరి సామర్థ్యం ఒక్కసారిగా పడిపోవడమూ ఉంది. అయినా నాలుగైదేళ్ల బండి విషయంలో ఒక మాట చెప్పవచ్చు: ఎక్కువ నష్టం జరిగే తొలి ఏళ్లను మొదటి యజమాని భరించేశాడు.

ఈ గార కట్టడం వేడికి వేగం పుంజుకుంటుంది. ఉష్ణోగ్రతకూ రసాయన చర్యల వేగానికీ ఉన్న సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో సూత్రీకరించాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో లెక్కగట్టినవాడూ ఆయనే. ఎలక్ట్రిక్ కారు ఎందుకు కావలసి వచ్చిందో, అది ఎందుకు ముసలిదవుతుందో రెండూ ఒకే మనిషి కాగితాల్లో ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. చాలా చర్యలకు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో 2012 ప్రాంతంలో ఈ సూత్రం బాహాటంగా రుజువైంది. 24 యూనిట్ల తొలితరం నిస్సాన్ లీఫ్ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. ఫీనిక్స్ నగరంలో యజమానులు రెండేళ్లు తిరగకముందే డ్యాష్‌బోర్డు మీద సామర్థ్యపు గీతలు ఒక్కొక్కటే మాయమవడం చూశారు. చల్లటి ఊళ్లలోని అవే కార్లకు అంత నష్టం జరగలేదు.

మన రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నెక్సాన్ ఈవీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. కానీ పార్కింగ్‌లో ఊరికే నిలబెట్టిన బండికి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కాబట్టి అమ్మేవాళ్లను ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడగడం కంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఈ బండి రాత్రీ పగలూ ఎక్కడ నిలబడింది అని. అపార్ట్‌మెంటు సెల్లార్లోనా, ఆఫీసు బయట ఎర్రటి ఎండలోనా? నూరు శాతం చార్జి చేసి వేసవి సెలవుల్లో నెలరోజులు వదిలేసి ఊరెళ్లారా? నిండా చార్జి ఉండటం, దానికి వేడి తోడవటం బ్యాటరీకి అన్నిటికన్నా కీడు. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోయి కొన్నవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఓడోమీటరు లెక్క టైర్ల వయసు చెబుతుంది, బ్యాటరీ వయసు చెప్పదు.

ఇక రసాయనం. ఒకే సైజు బ్యాటరీలన్నీ ఒకటి కావు. 2019లో మనదేశానికి వచ్చిన హ్యుందాయ్ కోనా 39.2 యూనిట్ల బ్యాటరీ నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకం. ఎన్ఎంసీ అంటారు. ఎంజీ జడ్ఎస్ ఈవీ మొదటి 44.5 యూనిట్ల బ్యాటరీ కూడా అదే. నెక్సాన్‌లో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వాడుకలో ఎల్ఎఫ్‌పీ. దీన్ని 1997లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం వెలికితెచ్చింది. ఆ పరిశోధనా పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢీది. అంతకు ముందు 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో కోబాల్ట్ రకాన్ని తెచ్చినవాడూ గుడినఫే. ఆయనకు 2019లో నోబెల్ వచ్చేనాటికి వయసు 97. అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్లు మరొకరు లేరు. స్టాక్‌హోంలో ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది మన తమిళుడు అరుముగం మంథిరమ్.

ఎల్ఎఫ్‌పీలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే వేడెక్కినా తేలిగ్గా వదలదు, మంటల భయం తక్కువ. వేల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. అదే శక్తికి ఎన్ఎంసీ కంటే బరువెక్కువ ఉండటం దీని లోపం. పాత బండి కొనేవాళ్లకు ముఖ్యమైన లోపం ఇంకొకటుంది. దాన్ని మన వంటింటి గ్యాస్ సిలిండరుతో చెప్పవచ్చు.

సిలిండరు నిండుగా ఉన్నా, పావు వంతే ఉన్నా పొయ్యి మీద మంట ఒకేలా ఉంటుంది. లోపల ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్నంతకాలం పీడనం మారదు. ద్రవం అయిపోగానే మంట ఠక్కున పడిపోతుంది. చాలామంది ఇళ్లలో అది సరిగ్గా పండగ రోజునే జరుగుతుంది. ఎల్ఎఫ్‌పీ కణాల్లోనూ లిథియం ఉన్న దశ, లేని దశ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తరుగుతూ మరొకటి పెరుగుతుంటుంది, వోల్టేజీ మాత్రం దాదాపు కదలదు. సిలిండరులో జరిగేదీ ఇక్కడ జరిగేదీ ఒకే రకం భౌతికశాస్త్రం. దాంతో వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం బండిలోని కంప్యూటరుకు కూడా కష్టమే. లోపలికి ఎంత కరెంటు పోయింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క రాసుకుంటూ పోతుంది. ఆ లెక్కలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. అప్పుడప్పుడు నూరు శాతం చార్జి చేసినప్పుడే ఖాతా సరిచూసుకుంటుంది. కాబట్టి డ్యాష్‌బోర్డు మీద 62 శాతం అని చూపిస్తే, అది కొలత కాదు, అంచనా. బ్యాటరీ ఆరోగ్యం 96 శాతం అని ఫోను యాప్‌లో చూపించినా అంతే.

ఇంతవరకూ వచ్చాక సైజు సంగతి మాట్లాడవచ్చు.

పెద్ద బ్యాటరీ అంటే ఎక్కువ దూరం అన్నది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది, పెద్ద బ్యాటరీ తక్కువ అలసిపోతుందన్నది. ఒక మడిలో నాట్లు వేయడానికి ముప్పై మంది దిగారు. అంతే మడిలో ఇంకోరోజు నలభై మంది దిగారు. పని అంతే, ఒక్కొక్కరి నడుము నొప్పి మాత్రం తక్కువ. 100 వేగంతో పోతున్న మన బండికి 16, 17 కిలోవాట్లు కావాలి. చిన్న బ్యాటరీలో ఒక్కో యూనిట్ మోసే భారం పెద్దదానిలో కంటే మూడో వంతు ఎక్కువ. చార్జింగ్‌లోనూ ఇదే తేడా. కంపెనీ చెప్పిన ప్రకారం ఫాస్ట్ చార్జరు దగ్గర 2020 బండి సున్నా నుంచి 80 శాతానికి రావడానికి గంట పడుతుంది, మ్యాక్స్‌కు 56 నిమిషాలు. చూడటానికి దాదాపు ఒకటే. కానీ ఆ సమయంలో మొదటిది ఎక్కించుకున్నది 24 యూనిట్లు, రెండోది 32. బ్యాటరీలోని ఒక్కో సెల్ ఇంతకంటే వేగంగా కరెంటు తీసుకోలేదు, సెల్స్ ఎక్కువున్నచోట మొత్తం ఎక్కువవుతుంది. హైవే మీద టీ తాగే విరామం అంతే, బయలుదేరాక నడిచే దూరం వేరు.

మా బావమరిది ఏడాదికి 22,000 కిలోమీటర్లు తిరుగుతాడు. దానికి సుమారు 3,300 యూనిట్లు కావాలి. ఈపాటికి తగ్గిన సామర్థ్యంతో లెక్కేస్తే, చిన్న బ్యాటరీ అయితే ఏడాదికి 120 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేసినట్టు, పెద్దదైతే 90 సార్లు. వేల సార్లు తట్టుకునే ఎల్ఎఫ్‌పీకి రెండూ పెద్ద లెక్క కాదు. కనుక అరుగుదల భయంతోనే పెద్దది కొనాలని నేను చెప్పను. ఎన్ఎంసీ బండి అయితే ఈ తేడాకు ఇంకొంచెం విలువ ఇస్తాను.

దూరం లెక్క చూద్దాం. పాత బండిలో 10 శాతం పోయిందనుకుంటే మిగిలింది 27 యూనిట్లు. అడుగున 10 శాతం అక్కరకు ఉంచుకుంటే వాడుకోగలిగేది 24కు కాస్త ఎక్కువ. యూనిట్‌కు 6 చొప్పున దాదాపు 147 కిలోమీటర్లు. సూర్యాపేట 135. మధ్యలో వాన పడినా, దారి మళ్లింపు వచ్చినా, పిల్లలతో గుండెలు అరచేతిలో పెట్టుకుని పోవాలి. 80 వేగంతో పోతే 170 దాకా వస్తుంది, అప్పుడు ఫర్వాలేదు. రెండో బండిలో వర్గమూలం లెక్కన 8 శాతం పోయిందనుకుంటే, అన్నీ తీసేశాక 33 యూనిట్లు, 200 కిలోమీటర్లు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజుకు 9 యూనిట్లు చాలు కాబట్టి ఆ పనికి ఏదైనా ఒకటే.

అయితే ఈ లెక్కను తారుమారు చేయగలిగింది సూర్యాపేటలో మా మామగారింటి గోడమీద ఉన్న ఒక ప్లగ్గు. 15 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు రెండున్నర, మూడు యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పది గంటలు పెడితే చిన్న బ్యాటరీ తెల్లవారేసరికి నిండుతుంది. కానీ పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు, ఎర్తింగ్ లేకపోతే చార్జరు ఎర్రలైటు వెలిగించి పనిచేయనని మొండికేస్తుంది. ఇంటి కనెక్షనుకు రాయించుకున్న లోడు ఒక కిలోవాటే అయితే దాన్నీ పెంచుకోవాలి. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ గుంత తవ్వించడం, కొత్త వైరు లాగించడం పది యూనిట్ల బ్యాటరీకి పెట్టే లక్షలతో పోలిస్తే చాలా చవక. ఇంకొకటి. 2020 బండిలోని సొంత చార్జరు సామర్థ్యం 3.3 కిలోవాట్లే. మ్యాక్స్‌లో 3.3తోనూ 7.2తోనూ రెండు రకాలు అమ్మారు. 40.5 బండి కొంటూ 3.3 రకం తీసుకుంటే ఖాళీ బ్యాటరీ ఒక రాత్రిలో నిండదు. ఏ రకమో కాగితాల్లో చూసుకోవాలి.

మిగిలిన యూనిట్లను కొలిచే దారి ఒకటుంది, ఎవరైనా చేయగలిగింది. బండిని ముందు ఒకసారి నూరు శాతం చార్జి చేసి, తర్వాత 10 శాతానికి వచ్చేదాకా నడపాలి. ప్లగ్గుకు ముందు చిన్న మీటరు పెట్టి మళ్లీ నూరుకు నింపాలి. మీటరు 27.5 యూనిట్లు చూపించిందనుకోండి. దారిలో వేడిగా పోయేది సుమారు 12 శాతం తీసేస్తే లోపలికి చేరింది 24.2. ఇది 90 శాతానికి సరిపోయిన కరెంటు కాబట్టి, 0.9తో భాగిస్తే మొత్తం 26.9. పుట్టిననాటి 30.2తో పోలిస్తే 89 శాతం. కంపెనీలు బ్యాటరీలో కొంత భాగాన్ని వాడనివ్వకుండా దాచిపెడుతుంటాయి. కాబట్టి ఈ లెక్కలో నాలుగైదు శాతం అటూఇటూ అయితే కంగారుపడనక్కర్లేదు. 75 శాతం వస్తే మాత్రం బేరం మానుకోవడం మంచిది.

ఆ నడిపేటప్పుడే ఇంకొకటి గమనించాలి. బ్యాటరీ నుంచి 320 వోల్టులు రావాలంటే 3.2 వోల్టుల సెల్స్ వందదాకా గొలుసుకట్టుగా ఉండాలి. అందులో ఒకటి బలహీనపడినా అది ఖాళీ అవగానే బండి మొత్తం ఆగాలి, మిగతావాటిలో ఎంత ఉన్నా సరే. అలాంటి బండిలో 20 శాతం చూపిస్తున్న అంకె ఉన్నట్టుండి 8కి జారుతుంది. ఇలా జారితే సైజు ఎంతైనా, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. వారంటీ మిగిలి ఉంటే అమ్మేవాళ్లే ముందు బాగు చేయించి ఇవ్వాలి.

వారంటీ అన్నాను కదా. ఈ రెండు నెక్సాన్ల బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2020లో రోడ్డెక్కిన బండికి 2028తో, 2022 బండికి 2030తో గడువు తీరుతుంది. రెండో బండికి అడుగుతున్న ఎక్కువ డబ్బులో పది యూనిట్లతో పాటు ఈ రెండేళ్లు కూడా ఉన్నాయి. రెండో యజమానికి వారంటీ బదిలీ అవుతుందా, సర్వీసు రికార్డు కోరతారా అన్నది షోరూంలో కాగితం మీద రాయించుకోవాలి.

మా బావమరిదికి నేను చెప్పింది ఇది: ఇంటికి ఒకటే కారు, నెలకు రెండుసార్లు హైవే, పక్కన పిల్లలు. నువ్వు నలభై తీసుకో. 7.2 చార్జరు ఉన్నదే తీసుకో. అదే ఇంట్లో మరో పెట్రోలు కారు ఉండి, ఇది ఊళ్లో తిరగడానికే అయితే ముప్పై చాలు, ఆ మిగిలిన డబ్బుతో సూర్యాపేటలో ఎర్తింగ్ వేయించు అనేవాణ్ని. బ్యాటరీ సైజును రోజువారీ ప్రయాణం చూసి నిర్ణయించకూడదు. మళ్లీ మళ్లీ తప్పనిసరిగా చేసే ప్రయాణాల్లో అన్నిటికన్నా పొడవైనది తీసుకుని, దానికి నాలుగో వంతు కలుపుకుని, ఆ దూరాన్ని ఈనాటి యూనిట్లతో దాటగలదా అని చూడాలి. ఏడాదికి ఒకసారి తిరుపతి వెళ్లడం కోసం పెద్దది కొనాల్సిన పనిలేదు, దారిలో అక్కడక్కడా ఆగి నింపుకోవచ్చు.

మీరూ ఇలాంటి బండి చూస్తుంటే, బయానా చేతికివ్వకముందే అమ్మేవాళ్లను ఒక రాత్రికి బండి అడగండి. ఇవ్వనంటే ఇంకో బండి చూడండి. ఇస్తే, మీ ఇంటి సాకెట్‌కు మీటరు తగిలించి, తెల్లవారి లేచి ఆ అంకె రాసుకోండి.